వెనక్కి పడ్డ ఒక్క ముందు పన్ను: ఎనిమిదిన్నరేళ్ళ బాబుకు తీసి పెట్టుకునే ప్లేటుతో వైద్యం

బాబు వయసు 8 ఏళ్ళ 7 నెలలు, మూడో తరగతి. పై ముందు పళ్ళలో కుడివైపుది కింది పళ్ళ వెనక్కి పోయిందని తల్లి తీసుకొచ్చింది. అంతకుముందు చూపించిన చోట "ఇంకా పాలపళ్ళున్నాయి, అన్నీ ఊడాక పన్నెండేళ్ళకు క్లిప్పులు వేయిద్దాం" అన్నారట. పళ్ళు వంకరగా ఉండటం ఒక్కటే సమస్య అయితే చాలామంది పిల్లల విషయంలో ఆ మాట సరైనదే. ఈ బాబు విషయంలో కాదు. కారణం పై పన్ను కాదు, దాని ముందు నిలబడ్డ కింది పన్ను చిగురు.

పై కుడి మధ్య పన్ను (దంతవైద్యుల లెక్కలో 11) అంగిలి వైపు వాలి, కింది కుడి మధ్య పన్ను (41) వెనక దిగుతోంది. పక్కనున్న ఎడమ మధ్య పన్ను (21)తో పోలిస్తే 11 అంచు 3 మి.మీ. వెనక ఉంది. పళ్ళు కరిచినప్పుడు 11, 41 ఒకదానిమీద ఒకటి నిలువునా 3 మి.మీ. కప్పుకుంటున్నాయి. 41 పెదవి వైపు తోసుకుపోయింది. దాని చిగురు పక్క పన్ను చిగురు కంటే 2 మి.మీ. కిందికి జారింది. 41ను రెండు పరికరాల పిడుల మధ్య పట్టి కదిపితే కొద్దిగా కదులుతోంది. 11 అంచున అరుగుదల గీత కనిపిస్తోంది. మిగతా ముందు పళ్ళు మామూలుగానే కరుస్తున్నాయి.

ఇలాంటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది, తేడా పంటిదా దవడదా అన్నది. బాబును కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నాలుక కొనను అంగిలి వెనక్కి పెట్టించి, మెల్లగా నోరు మూయించాం. ముందుగా 11, 41 అంచులు రెండూ తాకాయి. ఆపైన దవడ పళ్ళు కలవడానికి కింది దవడ సుమారు 1.5 మి.మీ. ముందుకీ ఎడమకీ జరిగింది. అంటే కింది దవడ నిజంగా పొడుగు కాదు, పన్ను అడ్డొచ్చి పక్కకు తప్పుకుంటోంది. అంచుకు అంచు తేగలుగుతున్నాడు కాబట్టి పన్నును వంచితే సరిపోతుంది. పక్కనుంచి ముఖం నిటారుగానే ఉంది. తండ్రికి, తాతకు, మేనమామలకు కింది దవడ ముందుకు ఉందా అని అడిగాం. ఎవరికీ లేదు. ఈ ప్రశ్న అడగడం మరిచిపోయి ప్లేటు (అంగిలికి ఆనే ప్లాస్టిక్ పరికరం, దానిలోని తీగ స్ప్రింగు పన్నును ముందుకు తోస్తుంది) ఇచ్చేస్తే, పదమూడేళ్ళకు దవడ పెరిగి పన్ను మళ్ళీ వెనక్కి పోయినప్పుడు సమాధానం ఉండదు. అంచుకు అంచు తేలేని పిల్లలకూ, మూడు నాలుగు పళ్ళు ఒకేసారి వెనక ఉన్నవాళ్ళకూ, పై పళ్ళు అప్పటికే పెదవి వైపు వాలి ఉన్నవాళ్ళకూ ఈ ప్లేటు పనికిరాదు. వాళ్ళకు పక్కనుంచి తల ఎక్స్‌రే తీసి దవడల కొలత చూడాలి. ఈ బాబుకు ఆ ఎక్స్‌రే అక్కర్లేదనిపించి తీయలేదు.

పన్ను వెనక ఎందుకు మొలిచింది? మూడేళ్ళప్పుడు మెట్ల మీద పడి ఆ వైపు పాలపన్నుకు దెబ్బ తగిలింది. అది నల్లబడి, కింద శాశ్వత పన్ను వస్తున్నా ఊడకుండా నిలిచిపోయింది. దాన్ని తప్పించుకుని కొత్త పన్ను లోపలివైపు దారి చూసుకుంది. నల్లబడ్డ పాలపన్నును "ఎలాగూ ఊడేదే" అని వదిలేసిన ఇళ్ళలో మాకు ఎక్కువగా కనిపించే ఫలితం ఇదే. చిన్న ఎక్స్‌రేలో 11 వేరు ముప్పావు వంతు వరకు ఏర్పడింది, కొన ఇంకా తెరిచే ఉంది, పక్కన అదనపు పన్నేదీ దాగి లేదు. అదనపు పన్ను ఉండి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

చోటు కూడా కొలవాలి. 11 వెడల్పు 8.7 మి.మీ., అది చేరాల్సిన ఖాళీ 9 మి.మీ. సరిపోతుంది. చాలకపోతే స్ప్రింగు ఎంత తోసినా పన్ను పక్క పళ్ళ మధ్య ఇరుక్కుని ఆగిపోతుంది. అప్పుడు తీగది తప్పనుకుని ఇంకా బిగిస్తారు, ప్లేటు ఊడి చేతికొస్తుంది.

ఏ పద్ధతి, ఎందుకు

ఐస్‌క్రీం పుల్లలాంటి చెక్కపుల్లను పన్ను వెనక పెట్టి కొరికించే పద్ధతి పాతదే, మంచిదే. పన్ను సగం మొలిచి, కింది పన్ను ఇంకా దాన్ని పూర్తిగా బంధించనప్పుడు పది పదిహేను రోజుల్లో పని చేస్తుంది. ఇక్కడ 3 మి.మీ. కప్పు పడిపోయింది, ఆ దశ దాటింది. కింది పళ్ళకు ఏటవాలు యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) తొడుగు అతికించే పద్ధతి వేగంగా పని చేస్తుంది కానీ, నమిలే బలమంతా కింది ముందు పళ్ళ మీదే పడుతుంది. అప్పటికే చిగురు జారి కదులుతున్న 41 మీద ఆ బరువు పెట్టడం ఇష్టం లేకపోయింది. పైగా ఆ తొడుగును ఆరు వారాలు దాటి ఉంచితే వెనక పళ్ళు పైకి లేచి ముందు కాటు తెరుచుకుంటుంది, అంటే నోరు మూసినా ముందు పళ్ళు కలవవు.

నాలుగు ముందు పళ్ళకు బ్రాకెట్లు (పంటికి అతికించే చిన్న బిళ్ళలు), రెండు దవడ పళ్ళకు బ్యాండ్లు (పంటి చుట్టూ తొడిగే లోహపు పట్టీలు) వేసే స్థిర క్లిప్పులు మరో దారి. 2015లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పోలిక పరీక్షలో ఇలాంటి పిల్లలకు స్థిర క్లిప్పులూ ప్లేటూ రెండూ పళ్ళను సరిచేశాయి. స్థిరమైనవి సుమారు నెలన్నర ముందే పని ముగించాయి. అయినా ఈ బాబుకు 12 (11 పక్కన బయటివైపు వచ్చే పన్ను) ఇంకా సగమే మొలిచింది, ఆరేళ్ళ దవడ పళ్ళు బ్యాండు పట్టేంత బయటికి రాలేదు. కదలాల్సింది ఒక్క పన్ను, అదీ వంపు మాత్రమే. అందుకే ప్లేటు ఎంచుకున్నాం. ప్లేటుకున్న పెద్ద లోపం, అది నోట్లో ఉన్నప్పుడే పని చేస్తుంది. ఈ కేసులో మొదటి నెల పోయిందీ అందుకే.

ప్లేటు తయారీ

కొలత తీయకముందే రెండు పనులు చేశాం. పైనా కిందా ఆరేళ్ళ దవడ పళ్ళ గాడుల్లో సీలెంట్ (గాడులు మూసే పలుచని పూత) వేశాం. ప్లేటు రోజంతా పంటి మీద ఉంటే గాడుల్లో ఆహారం నిలిచి పుచ్చు తొందరగా పడుతుంది. 54, 64 (పై మొదటి పాలదవడ పళ్ళు) గట్టిగా ఉన్నాయా అని కదిపి చూశాం. అవి సాధారణంగా 9 నుంచి 11 ఏళ్ళ మధ్య ఊడతాయి. ప్లేటుకు ముందువైపు పట్టు వాటి మీదే ఆధారపడుతుంది కాబట్టి, అవి కదలడం మొదలయ్యాక ఈ వైద్యం మొదలుపెడితే సగంలో పట్టు పోతుంది.

పైనా కిందా ఆల్జినేట్ అనే అచ్చుముద్ద‌తో కొలత, మైనంతో కాటు తీసుకుని స్టోన్ అచ్చు పోశాం. 16, 26 (పై ఆరేళ్ళ దవడ పళ్ళు) మీద 0.7 మి.మీ. గట్టి స్టీలు తీగతో, 54, 64 మీద 0.6 మి.మీ. తీగతో, పంటిని బాణం లాంటి మొనలతో పట్టుకునే కొక్కేలైన ఆడమ్స్ క్లాస్ప్‌లు. ఈ వయసులో ఆరేళ్ళ పన్ను సగం చిగురులోనే ఉంటుంది. క్లాస్ప్ బాణపు మొనలు పట్టుకోవాల్సిన గుంట చిగురు కింద దాగి ఉంటుంది. అందుకని అచ్చు మీద చెంపవైపు ముందూ వెనకా మూలల్లో చిగురును 1 మి.మీ. మేర గీకి మొనలకు చోటు చేయాలి. ల్యాబ్‌కు పంపేవాళ్ళు ఈ మాట కాగితం మీద రాయాలి. రాయకపోతే మొనలు పంటి ఉబ్బు మీద కూర్చుంటాయి, ప్లేటు నోరు తెరవగానే జారుతుంది.

11 వెనక 0.5 మి.మీ. తీగతో జెడ్ (Z) ఆకారపు స్ప్రింగు. రెండు చుట్లు, ఒక్కో చుట్టు లోపలి వ్యాసం సుమారు 3 మి.మీ. స్ప్రింగు తలం పంటి వెనకభాగానికి లంబంగా ఉండాలి. పై ముందు పన్ను వెనకవైపు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తీగ ఏ మాత్రం వాలినా అంచు వైపు జారిపోతుంది. స్ప్రింగు వెడల్పు 11 వెడల్పు కంటే కొంచెం తక్కువ ఉంచి 12ను తాకకుండా చూశాం. ఈ వయసులో 12 వేరు పక్కనే కోరపన్ను మొగ్గ ఉంటుంది, ఆ వేరును దాని మీదికి తోయడం మంచిది కాదు. యాక్రిలిక్ పోసే ముందు స్ప్రింగు మీద మైనం కప్పాలి, లేకపోతే చుట్లలోకి యాక్రిలిక్ దూరి స్ప్రింగు బిగుసుకుంటుంది.

చివరిగా, వెనక పళ్ళ మీద రెండువైపులా యాక్రిలిక్ దిమ్మెలు, అంటే బైట్ ప్లేన్. ముందు పళ్ళ మధ్య 1 మి.మీ. ఖాళీ వచ్చేంత ఎత్తు చాలు. ఈ బాబుకు ఆరేళ్ళ పంటి దగ్గర మందం సుమారు 2.5 మి.మీ. అయింది. అవసరానికి మించి ఎత్తు పెడితే పెదవులు మూతపడవు, లాలాజలం కారుతుంది, పిల్లాడు తీసి జేబులో పెట్టుకుంటాడు. దిమ్మెలు లేకుండా ఒట్టి స్ప్రింగు ఇచ్చిన ప్లేట్లు కూడా చూస్తుంటాం. స్ప్రింగు బలం 30, 40 గ్రాములు. కొరికినప్పుడు కింది పన్ను వెనక్కి తోసే బలం దానికి ఎన్నో రెట్లు. ఆ పోటీలో స్ప్రింగు గెలవదు.

పెట్టిన రోజు

ముందుగా వేలితో ప్లేటు లోపలి తలమంతా తడిమి యాక్రిలిక్ గుచ్చుకునే చోట్లు అరగదీశాం. నీలికాగితం పెట్టి కరిపిస్తే కుడివైపు ఒక్క పాలపన్నే దిమ్మెను తాకింది. రెండువైపులా కనీసం మూడేసి చోట్ల సమానంగా గుర్తు పడేవరకు సరిచేశాం. ఒకవైపే తాకితే దవడ పక్కకు జరుగుతుంది, ప్లేటు ఊగి క్లాస్ప్ విరుగుతుంది.

మొదటి వారం స్ప్రింగును బిగించలేదు. పన్నును తాకుతూ ఉందంతే. ఆ వారం పని ప్లేటుకు అలవాటు పడటం. లాలాజలం రెండు రోజులు ఎక్కువ ఊరుతుంది. స, ష, చ అక్షరాలు తడబడతాయి. తెలుగు వాచకం రోజుకు రెండుసార్లు పది నిమిషాలు పైకి చదివిస్తే నాలుగైదు రోజుల్లో మాట తేరుకుంటుంది. పెట్టడం తీయడం అద్దం ముందు బాబు చేతే ఐదుసార్లు చేయించాం. రెండు బొటనవేళ్ళతో అంగిలి వైపు నొక్కి పెట్టాలి, వెనక క్లాస్ప్‌ల వంతెనల కింద చూపుడు వేళ్ళ గోళ్ళు పెట్టి కిందికి లాగి తీయాలి. పళ్ళతో కొరికి సర్దుకోవడం, నాలుకతో ఎత్తి దించడం మొదలైతే తీగ వారంలో అలిసిపోతుంది.

తల్లికి ఇచ్చిన కాగితంలో ఉన్నవి: అన్నం తినేటప్పుడు కూడా ప్లేటు నోట్లోనే ఉండాలి. తిన్నాక తీసి ప్లేటునూ పళ్ళనూ కడిగి వెంటనే పెట్టాలి. మెత్తటి బ్రష్, చేతి సబ్బు, చన్నీళ్ళు. వేడినీళ్ళు పోస్తే యాక్రిలిక్ వంకర తిరుగుతుంది. జంతికలు, చెరకు, వేరుశనగ చిక్కీ, జీడిపప్పు పాకం వద్దు. జామకాయ ముక్కలు కోసి పెట్టాలి. పసుపు మరక పట్టి ప్లేటు పచ్చబడుతుంది, అది చెడిపోయినట్టు కాదు. తీస్తే డబ్బాలోనే పెట్టాలి. పెళ్ళి భోజనంలో కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టిన ప్లేట్లు విస్తరితోనే పోతుంటాయి. రెండు రోజులకు మించి బయట ఉంటే పళ్ళు జరిగి ప్లేటు ఎక్కదు, అప్పుడు బలవంతంగా ఎక్కించకుండా తీసుకురావాలి.

మొదటి నెల ఎందుకు పోయింది

వారం తర్వాత స్ప్రింగును 1.5 మి.మీ. తెరిచి పంపాం (చుట్లను తెరిచి తీగను పన్ను వైపు చాచడమే బిగించడం). నాలుగో వారం కొలిస్తే 11 ఉన్నచోటే ఉంది. పన్ను కదలలేదంటే ప్లేటు చూడాలి, ఆపైన పిల్లాణ్ణి చూడాలి. స్ప్రింగు విరగలేదు, బిగింపు అలాగే ఉంది. అదే అనుమానం. పన్ను కదిలి ఉంటే స్ప్రింగులో బిగింపు తగ్గిపోయి ఉండాలి. దిమ్మెల పైతలం పెట్టినరోజులాగే మెరుస్తోంది, కింది పళ్ళ గుర్తులు సన్నగా ఉన్నాయి. అంగిలి మీద ప్లేటు అంచు గీత పడింది. రాత్రంతా పెట్టుకున్న పిల్లల అంగిలి అలాగే ఉంటుంది. బాబు ప్లేటు తడుముకోకుండా పెట్టాడు, మాట కూడా శుభ్రంగా ఉంది. అంటే అసలు పెట్టుకోకపోవడం కాదు. తినేటప్పుడు తీసేస్తున్నాడు.

అడిగితే నాయనమ్మ చెప్పింది: "ముద్ద మింగలేకపోతున్నాడు సార్, అన్నం తినేటప్పుడు మాత్రం తీయమన్నాను." బడిలో మధ్యాహ్నం కూడా అదే. పొద్దున్న టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం తిండి, రాత్రి అన్నం. నాలుగుసార్లు కలిపి రోజుకు గంటన్నర. ఆ గంటన్నరలో దిమ్మెలు లేవు కాబట్టి ప్రతి నములుడుకూ కింది పన్ను 11ను వెనక్కి తోసింది. ఇరవై రెండు గంటలు స్ప్రింగు మెల్లగా ముందుకు తెచ్చిన దాన్ని గంటన్నర చెరిపేసింది. పన్ను ముందుకూ వెనక్కూ ఊగింది కాబట్టి కదలిక కూడా కాస్త ఎక్కువైంది. తినేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోండి అన్న సలహా వైద్యం అయ్యాక పళ్ళు జరగకుండా పెట్టే మామూలు రిటైనర్‌కు సరైనదే. దిమ్మెలున్న ప్లేటుకు మాత్రం అది సరిగ్గా తలకిందులు.

నాయనమ్మ మాటలో నిజం కూడా ఉంది. ముద్ద మింగేటప్పుడు ప్లేటు ముందువైపు దిగుతోంది. బాబును "పాప, పప్పు" అనమంటే ప్లేటు ముందు అంచు జారడం కనిపించింది. స్ప్రింగు పన్నును ముందుకు తోస్తే ఎదురు బలం ప్లేటును వెనక్కీ కిందికీ తోస్తుంది. ఆ దిగడాన్ని ఆపాల్సినవి 54, 64 మీది క్లాస్ప్‌లు. 64 మీది మొనలు పంటిని అసలు తాకడం లేదు. మొనను పంటి వైపు వంచడానికి రెండు చోట్లున్నాయి. యాక్రిలిక్ నుంచి తీగ బయటికొచ్చే వంపు దగ్గర వంచితే మొన లోపలికీ చిగురు వైపుకీ కదులుతుంది. మొన దగ్గరే వంచితే లోపలికి మాత్రమే వస్తుంది. ఇక్కడ మొదటిది కావాలి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వంచితే తీగ పెళుసెక్కి విరుగుతుంది కాబట్టి ఒక్కసారే, లెక్కగా వంచాం. ఆపైన స్ప్రింగు బిగింపును 1 మి.మీ.కి తగ్గించాం. ఫలితం రాలేదని బిగింపు పెంచడం చేతికి అలవాటైన తప్పు. పట్టు తక్కువున్న ప్లేటుకు బిగింపు పెంచితే ప్లేటే ఊడుతుంది.

తిండి సంగతి బాబుతోనే మాట్లాడాం. మొదటి మూడు రోజులు పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా కలిపిన పప్పన్నం, చిన్న ముద్దలు. నాలుగో రోజునుంచి ఇంట్లో అందరూ తినేదే. బడిలో టీచరుకు ఒక చీటీ రాసిచ్చాం.

ఆ తర్వాత

ఏడో వారానికి 11 అంచు 21కి 2 మి.మీ. వెనక ఉంది, అంటే 1 మి.మీ. కదిలింది. నెలకు సుమారు 1 మి.మీ. మంచి వేగం. అంతకంటే తొందరపెడితే నొప్పి, వేరు కొనకు దెబ్బ. ఇప్పుడు దిమ్మెల మీద కింది పళ్ళ గుంటలు లోతుగా పడ్డాయి. 1.5 మి.మీ. బిగించాం. స్ప్రింగును పంటికి దగ్గరి చుట్టు దగ్గర ఒకసారి, దూరపు చుట్టు దగ్గర ఒకసారి సమానంగా తెరవాలి. ఒక చుట్టే తెరిస్తే తీగ పంటి ఒక మూలనే తోస్తుంది. ఈ ప్లేటులో అదే కొంత జరిగింది. 11 లోపలి మూల ముందుకొచ్చి బయటి మూల కాస్త వెనకబడింది. తర్వాతిసారి దూరపు చుట్టు కొంచెం ఎక్కువ తెరిచి సగం సరిచేశాం, మిగతా సగం అలాగే ఉంది.

పదో వారానికి అంచుకు అంచు వచ్చింది. ఇది జాగ్రత్తగా ఉండాల్సిన దశ. ఇప్పుడు ప్లేటు తీసి తింటే రెండు అంచులూ ఢీకొని పెచ్చు ఊడవచ్చు. ఆ వారం జ్వరం వచ్చి ప్లేటు మానేస్తే ఏం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాం: మెత్తటి తిండి, వీలైనంత త్వరగా మళ్ళీ పెట్టడం. అంగిలి మీద ప్లేటు ఆకారంలోనే ఎర్రదనం కనిపించింది. రాత్రి కడగకుండా పడుకుంటున్నాడు. మందు రాయలేదు. పడుకునే ముందు ప్లేటునూ అంగిలినీ కడగమని మళ్ళీ చూపించాం, రెండు వారాల్లో తగ్గింది.

పద్నాలుగో వారానికి 11 కింది పన్ను దాటి 1.5 మి.మీ. ముందుకొచ్చింది, 21తో దాదాపు సమానంగా నిలిచింది. నోరు మూసేటప్పుడు దవడ పక్కకు జరగడం ఆగింది. స్ప్రింగు బిగింపు ఆపేశాం. దిమ్మెల మందం సగానికి అరగదీశాం, మూడు వారాల తర్వాత మిగతాది. ఒక్కసారే తీసేస్తే దవడ పళ్ళ మధ్య ఖాళీ మిగులుతుంది, బాబు మళ్ళీ దవడను అటూ ఇటూ జరిపి కాటు వెతుక్కుంటాడు. మెల్లగా తీస్తే వెనక పళ్ళు ఒకదాన్నొకటి చేరుకుంటాయి, ముందు పళ్ళ కప్పు లోతవుతుంది.

ఆ కప్పు ఈ కేసులో 2 మి.మీ. వచ్చింది. దిమ్మెలు పూర్తిగా తీశాక ఆరు వారాలు రాత్రిపూట మాత్రమే ప్లేటు పెట్టించి ఆపేశాం. "మళ్ళీ వెనక్కి పోదా, ఇంకో ఏడాది పెట్టించనా?" అని తల్లి అడిగింది. అక్కర్లేదు. పై పన్ను కింది పన్ను మీద 2 మి.మీ. దిగి కూర్చుంటే, ఇన్నాళ్ళూ వెనక్కి తోసిన ఆ 41 ఇప్పుడు దాన్ని వెనక్కి పోనివ్వకుండా అడ్డుగా నిలుస్తుంది. కప్పు 1 మి.మీ. కంటే తక్కువ ఉన్న కేసుల్లో మాత్రం ఎన్నాళ్ళు ప్లేటు పెట్టించినా భరోసా ఉండదు. వాళ్ళను నెలనెలా చూడాలి.

ఆపేసిన మూడో నెలలో 41 చిగురు తేడా 1 మి.మీ.కి, ఆరో నెలకు అర మి.మీ.కి తగ్గింది. కదలిక పోయింది. చిగురు అంటు (వేరేచోటి చిగురు తెచ్చి ఇక్కడ కుట్టడం) వేయాలన్న ఆలోచన రాలేదు. దెబ్బ కొట్టే పన్ను తప్పుకుంటే పిల్లల్లో చిగురు చాలావరకు తనంతట తానే కోలుకుంటుంది, అందుకే ముందు కాటు సరిచేసి ఆరు నెలలు ఆగాలి. 11 ఎక్స్‌రేలో వేరు కొన మామూలుగానే మూసుకుంటోంది. మిగిలిన కొద్దిపాటి మెలికను అలాగే వదిలేశాం. కోరపళ్ళు వచ్చాక, పన్నెండు పదమూడేళ్ళకు అన్ని పళ్ళతో కలిపి చూసి అవసరమైతే స్థిర క్లిప్పులతో సరిచేయవచ్చని కాగితం మీద రాసిచ్చాం. తర్వాతి పరీక్ష ఆరు నెలలకు. అప్పుడు చూడాల్సింది రెండే: 12 ఎక్కడ మొలుస్తోంది, కింది దవడ ఎటు పెరుగుతోంది.